ఒకే గుడారంలో ఇద్దరు ఓడిన అభ్యర్థులు

నలభై ఎనిమిదో ఏట నాకు షుగర్ వచ్చింది. మొయినాబాద్ దవాఖానలో డాక్టరమ్మ రిపోర్టు చూసి రోజూ నడవమంది. మా ఊళ్లో నడవడమంటే ప్రతి ఇంటి ముందూ ఆగాలి, ప్రతి ఇంట్లో చాయ్ తాగాలి, అందులో చక్కెర వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. సైకిల్ మీద పోయేవాణ్ని ఎవరూ ఆపరని ఒక మంచి సైకిల్ కొన్నాను. ఆపారు. ఇంట్లో ట్రాక్టర్, కారు పెట్టుకుని సైకిల్ తొక్కేవాణ్ని చూస్తే ఆపకుండా ఎవరుంటారు? కారు ఖరాబయిందా అని కొందరు, లైసెన్సు గుంజుకున్నారా అని కొందరు అడిగారు. నా భార్య అరుణజ్యోతి బాధ వేరే. సైకిల్ తొక్కేవాళ్ల నిక్కరుకు లోపల మెత్త కుట్టి ఉంటుంది. అది తీగ మీద ఆరేస్తే చూసినవాళ్లు నాకు ఇంకేదో జబ్బు అనుకుంటారని, బర్రెల కొట్టం వెనక ఆరేసేది.

మాది ముడిమ్యాల పక్కన చిన్న ఊరు. క్యారెట్, టమాట పండించి చేవెళ్ల మార్కెట్‌కు పంపుతాం. నేను రోజూ పొద్దున చేవెళ్ల మీదుగా మొయినాబాద్ దాకా తొక్కి, అక్కడ ఇడ్లీ తిని తిరిగి వచ్చేవాణ్ని. డాక్టరమ్మ సైకిల్ గురించి చెప్పింది గానీ ఇడ్లీల గురించి ఏమీ చెప్పలేదు.

కొన్ని రోజులకే ఆ దారిలో ఎదురుగా ఒక మనిషి అలాంటి నిక్కరే వేసుకుని, నాలాగే రొప్పుతూ వచ్చాడు. బాల్‌రాజ్. నన్ను చూసి అతను తల అటు తిప్పుకున్నాడు, నేను ఇటు తిప్పుకున్నాను. నేను తిప్పుకున్న వైపు గుంత ఉంది. పడ్డాను. అతను ఆగలేదు. ఆగితే మాట్లాడవలసి వచ్చేది కదా.

బాల్‌రాజ్ నాకు వరసకు బావ. బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఆరేళ్ల కింద పంచాయతీ ఎన్నికల్లో ఇద్దరం సర్పంచ్‌కు పోటీ పడ్డాం. నాదొక పార్టీ, అతనిదొక పార్టీ. జెండాలు, డప్పులు, యాటకూర భోజనాలు అన్నీ ఇద్దరివీ సమానంగానే నడిచాయి. మేము మైకుల్లో ఒకరినొకరం తిట్టుకుంటూ ఉండగా, పొదుపు సంఘం నడిపే సంగమ్మ ఇల్లిల్లూ తిరిగి ఓటడిగి గెలిచిపోయింది. ఆమె కూడా పోటీలో ఉందన్న సంగతి నా బుర్రకెక్కింది లెక్కింపు రోజునే. నా ఓట్లు బాల్‌రాజ్ చీల్చాడని నేను, అతని ఓట్లు నేను చీల్చానని అతను. ఆ రోజు నుంచి మా మధ్య మాటల్లేవు. పెండ్లిళ్లలో కూడా ఒక బంతిలో కూర్చోలేదు. అరుణజ్యోతి, బాల్‌రాజ్ భార్య ప్రమీలమ్మ మాత్రం ఈ పగను పట్టించుకోలేదు. పొదుపు సంఘంలో ఎప్పటిలాగే పక్కపక్కన కూర్చునేవారు.

ఆదివారం పూట హైదరాబాద్ నుంచి సైకిళ్ల గుంపు ఒకటి మొయినాబాద్ వచ్చేది. జ్ఞానేశ్వర్ అని ఒక సాఫ్ట్‌వేర్ పిల్లగాడు వాళ్ల నాయకుడు. నేను వాళ్లలో కలిశాను. వారం తిరక్కుండా బాల్‌రాజ్ కూడా కలిశాడు. ఇడ్లీల దగ్గర మేమిద్దరం వీపులు కలిపి కూర్చునేవాళ్లం.

ఒక ఆదివారం జ్ఞానేశ్వర్ ఫోన్‌లో కొండల ఫోటోలు చూపించాడు. కజకిస్తాన్‌లో అల్మాటీ దాకా విమానంలో పోయి, అక్కడి నుంచి సైకిళ్ల మీద కిర్గిజిస్తాన్‌లోకి దిగి, కొండల మధ్య మూడు వేల మీటర్ల ఎత్తున ఉన్న సోన్‌కుల్ అనే సరస్సు దాకా పోవాలట. ఎవరెవరు వస్తారన్నాడు. అప్పటిదాకా నేనెక్కిన పెద్ద ఎత్తు వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్ట. అది కూడా సగం తొక్కి సగం తోసి. నోరు మూసుకుని ఇడ్లీ తింటే సరిపోయేది. కానీ నా వెనక నుంచి బాల్‌రాజ్ గొంతు వినబడింది, నేనొస్త అని. నా చెయ్యి దానంతటదే లేచింది. తర్వాత తెలిసింది, అతను ఆ మాట అన్నది, నేను తలాడించానని అనుకుని జ్ఞానేశ్వర్ నా పేరు రాసుకున్నాకే. నిజానికి నేను పల్లి చట్నీ ఇంకొంచెం వెయ్యమని టిఫిన్ సెంటర్ ఆయనకు తలాడించాను.

ఆరుగురం పేర్లిచ్చాం. ఒకరికి సెలవు దొరకలేదు, ఒకరికి బిడ్డ పుట్టింది, ఒకరికి మోకాలు పట్టేసింది. టికెట్లు తీశాక జ్ఞానేశ్వర్ స్వయంగా గండిపేట దగ్గర పడి భుజం జారగొట్టుకున్నాడు. చివరికి మేమిద్దరం మిగిలాం. దవాఖాన మంచం మీద నుంచే అతను మాకు ధైర్యం చెప్పాడు. బరువు తగ్గుతుందని టెంట్ కూడా ఒక్కటే పెట్టాడట. "ఒకే ఊరోళ్లు కదన్నా, మీకు ఇద్దరికి ఒక్కటి సరిపోతది" అన్నాడు. టెంట్ గుడ్డ నా సంచిలో, కడ్డీలు బాల్‌రాజ్ సంచిలో వచ్చాయి.

బాల్‌రాజ్ మానుకుంటాడని నేను ఎదురుచూశాను. అతను మానుకుంటే నేను పెద్ద మనసుతో, ఒక్కణ్నే ఎట్లా పోతానని మానుకోవచ్చు. ప్రయాణం దగ్గరపడినా అతను మానుకోలేదు. ఆ మాటే అరుణజ్యోతితో అన్నాను.

"నువ్వు మానుకుంటవని బాల్‌రాజన్న చూస్తున్నడు, ఆయన మానుకుంటడని నువ్వు చూస్తున్నవు" అంది ఆమె. "నేను, ప్రమీలక్క అయితె ఇద్దరి బట్టలు సర్దినం."

బట్టలొక్కటే కాదు, తిండి కూడా వాళ్లే సర్దారు. బియ్యం, చిన్న కుక్కర్ నా సంచిలో. మామిడికాయ తొక్కు, కారప్పొడి, ఉప్పు, స్టవ్ అతని సంచిలో. ఇది తెలియక జరిగిందని నేను చాలాకాలం నమ్మాను.

అల్మాటీలో దిగేసరికి ఊరి వెనకనే మంచుకొండలు నిలబడి ఉన్నాయి. అంత పెద్దవి చూసి నాకు మూత్రం వచ్చింది. మేము దిగిన హాస్టల్‌లో కౌంటర్ దగ్గర ఒక అమ్మాయి ఉండేది. బాల్‌రాజ్ ఆమె దగ్గరికి పోయి, పొద్దున ఆరింటికి బయల్దేరాలని అతనికి చెప్పమని తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు. అతను అంటే పక్కనే నిలబడ్డ నేను. ఆరింటికి కాదు ఏడింటికి అని ఆయనకు చెప్పమని నేను ఆమెతో అన్నాను. ఆ పిల్ల పాపం ఇద్దరికీ చెప్పింది. చివరికి ఆరున్నరకు ఒప్పందం కుదిరింది.

ఊరు దాటాక అలాంటి మధ్యవర్తులు దొరకలేదు. ఎటు చూసినా గడ్డి, గుర్రాలు, ఆకాశం. అక్కడ మేము ఆకాశంతో మాట్లాడటం మొదలుపెట్టాం. ఎవరన్నా గాలిపంపు ఇస్తే బాగుండునని నేను మేఘాలతో అనేవాణ్ని. పంపు వచ్చి నా కాళ్ల దగ్గర పడేది. ఉత్త అన్నం ఎవరు తింటారో అని బాల్‌రాజ్ ఒక గుర్రంతో అనేవాడు. నేను కుక్కర్ మూత తీసేవాణ్ని, అతను తొక్కు డబ్బా మూత తీసేవాడు. రాత్రి ఒకే టెంట్‌లో ఒకడు తూర్పుకు తల పెట్టి, ఒకడు పడమరకు తల పెట్టి పడుకునేవాళ్లం. అతని గురక సంగతి చెప్పను, నా గురక సంగతి అతను ఇప్పటికీ ఊరంతా చెప్తున్నాడు.

రోడ్డు కొంచెం ఎత్తెక్కితే చాలు, నేను దిగి తోసేవాణ్ని. ఫోటో తీసుకోవడానికి దిగినట్టు ఫోన్ తీసేవాణ్ని. నా ఫోన్‌లో ఆ దేశపు రోడ్డు ఫోటోలు వందలున్నాయి. ఒక్కదాంట్లో కూడా చూడదగ్గది ఏమీ లేదు.

కిర్గిజిస్తాన్ సరిహద్దు ఒక పచ్చటి లోయలో ఉంది. రెండు గదులు, ఒక గేటు. పాస్‌పోర్టులు చూసిన సిపాయి కుర్రాడు మా ఇద్దరి చిరునామాలూ ఒకే ఊరివని గమనించి సంతోషపడ్డాడు. ఫ్రెండ్స్ కదా అన్నాడు. నేను కాదన్నాను. బాల్‌రాజ్ కూడా కాదన్నాడు. అన్నదమ్ములా అన్నాడు. అదీ కాదన్నాం. కుర్రాడి మొహం మారింది. ఒకే ఊరు, కానీ స్నేహితులు కారు, అన్నదమ్ములు కారు. లోపలికి పోయి పెద్దాఫీసరును తీసుకొచ్చాడు. ఆయన మా సంచులు విప్పించి, కారప్పొడి వాసన చూసి తుమ్మి, మళ్లీ అదే ప్రశ్న అడిగాడు. మీరు ఒకరికొకరు ఏమవుతారు?

బాల్‌రాజ్ నా వైపు వేలు చూపించి, "ఆపోజిషన్" అన్నాడు.

ఆఫీసరుకు ఏం అర్థమైందో గానీ గట్టిగా నవ్వి ముద్ర కొట్టాడు. నాకూ నవ్వొచ్చింది. కానీ నవ్వితే మాట కలిసినట్టవుతుందని సైకిల్ చైను చూస్తున్నట్టు వంగాను.

ఆ తర్వాత ఇస్సిక్‌కుల్ అనే పెద్ద సరస్సు ఒడ్డున చాలా రోజులు తొక్కాం. దారి చదునుగా ఉండేసరికి నేను పెద్ద సైకిలిస్టునని నాకే నమ్మకం కుదిరింది. అరుణజ్యోతికి ఫోన్ చేసి కొండలంటే ఏమీ లేదు, ఊపిరి చూసుకుంటే చాలని చెప్పాను. ఆ నమ్మకంతోనే సోన్‌కుల్‌కు పోయే కనుమ మొదలుపెట్టాం.

ఆ కనుమ రోడ్డు మట్టిది. మెలికలు తిరుగుతూ మేఘాల్లోకి పోతుంది. మొదటి మెలిక దగ్గరే నేను దిగాను. ఫోటో తీసుకుంటున్నట్టు నటించే ఓపిక కూడా లేదు. కింద గడ్డిమైదానంలో ఒక ముసలి దంపతుల గుండ్రటి ఉన్ని గుడారం దాటి వచ్చాం. అక్కడి నుంచి మధ్యాహ్నం దాకా తోస్తూనే ఉన్నాను. బాల్‌రాజ్ తొక్కుతూ, ఆగుతూ పైమెలికల్లో చిన్నగా కనిపించేవాడు. నాకు తల పగిలిపోతున్నట్టుంది. రెండుసార్లు వాంతయింది. ఉన్నట్టుండి ఆకాశం నల్లబడి రాళ్లవాన మొదలైంది. జూలై నెలలో. నేను సైకిల్ పక్కన పడేసి రోడ్డు మీద కూర్చున్నాను.

అక్కడ కూర్చుని చచ్చిపోతాననే అనుకున్నాను. అప్పుడు నాకొచ్చిన ఆలోచన భార్య గురించి కాదు, పిల్లల గురించి కాదు. చేవెళ్ల చౌరస్తాలో కట్టే నా శ్రద్ధాంజలి ఫ్లెక్సీ గురించి. ఏ ఫోటో వేస్తారో, ఆ హెల్మెట్ ఫోటో మాత్రం వెయ్యకపోతే బాగుండునని దిగులుపడ్డాను.

తల ఎత్తితే బాల్‌రాజ్ దిగి వస్తున్నాడు. అంత కష్టపడి ఎక్కిన ఎత్తును వదులుకుని వెనక్కి రావడమంటే ఏమిటో సైకిల్ తొక్కినవాడికే తెలుస్తుంది. వచ్చి నా ముందు నిలబడ్డాడు. ఈసారి మేఘాలతో కాదు, నాతోనే అన్నాడు.

"లెవ్వు."

నేను రానన్నాను. నువ్వు పో, పైదాకా పోయి ఊళ్లె చెప్పుకో అన్నాను.

"నువ్వు ఈడ సచ్చి నేనొక్కన్ని ఊరికి పోతె ఏమంటరు?" అన్నాడు. "నేనే సంపిన అంటరు. మా ఇంట్ల ఓటు గూడ నాకు పడదు. లెవ్వు బావా."

ఇద్దరం కలిసి రోడ్డు పక్కన టెంట్ నిలబెట్టాం. నా గుడ్డ, అతని కడ్డీలు. రాళ్లు టపటపా పడుతుంటే లోపల మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాం. అతను నా చేతులు రుద్దుతూ, తన ఉన్ని టోపీ తీసి నా నెత్తికి పెట్టాడు. ఎత్తు పడనివాణ్ని పైకి తీసుకుపోకూడదు, కిందికే తీసుకుపోవాలని జ్ఞానేశ్వర్ చెప్పాడట. నేనా మాట విన్నట్టు కూడా గుర్తు లేదు. వాన తగ్గగానే ఒక చేత్తో నన్ను, ఒక చేత్తో తన సైకిల్‌ను పట్టుకుని దింపాడు. నా సైకిల్ కోసం మళ్లీ ఎక్కి దిగాడు.

కింది గుడారంలోని ముసలామె మమ్మల్ని చూసి ఏమీ అడగలేదు. పొయ్యి పక్కన పడుకోబెట్టి, వేడి చారు తాగించింది. మేము ఆమెను అవ్వ అన్నాం. పలికింది. కొన్ని రోజులు అక్కడే ఉన్నాం. నేను పడుకున్నాను, బాల్‌రాజ్ తాతతో గుర్రాలు తోలాడు. గుర్రంపాలు పులియబెట్టి చేసే వాళ్ల కల్లును అతను చెంబులకు చెంబులు తాగి, ఇది మన ఈతకల్లుకు చెల్లెలని తేల్చాడు.

నాకు తల తిరగడం తగ్గాక మాటలు మొదలయ్యాయి. మొదలైనవి మామూలు మాటలు కావు, ఎన్నికల మాటలు.

"నువ్వు నిలబడకుంటె నేను గెలుస్తుంటి" అన్నాడు బాల్‌రాజ్.

"నువ్వు నిలబడకుంటె నేను గెలుస్తుంటి" అన్నాను.

గొంతులు పెరిగాయి. మేము కొట్టుకుంటామేమోనని అవ్వ మాంసం కోసే కత్తి తీసి దాచింది. అక్కడ పెరుగును ఎండబెట్టి తెల్లటి గోలీల్లా చేస్తారు. తినడానికి ఒక పళ్లెం నిండా మా ముందు పెట్టింది. బాల్‌రాజ్ ఆ గోలీలనే ఓట్లు చేశాడు, పది ఓట్లకొక గోలీ. వార్డువారీగా ఎవరికెన్ని వచ్చాయో మా ఇద్దరికీ నోటికి వచ్చు. ఆరేళ్లుగా నెమరేసిన లెక్క అది. నా కుప్ప ఒకటి, అతని కుప్ప ఒకటి, సంగమ్మ కుప్ప ఒకటి పేర్చాం. తర్వాత నా కుప్పను అతని కుప్పలో కలిపాం.

సంగమ్మ కుప్పే పెద్దగా ఉంది.

తప్పు పడిందని మళ్లీ పేర్చాం. ఈసారి కూడా అంతే. మా ఇద్దరిలో ఎవరు నిలబడకపోయినా, ఇద్దరం ఒక్కటై నిలబడినా ఆమే గెలిచేది. చీల్చడానికి అక్కడ ఏమీ లేదు. ఒకటో తరగతి పిల్లలు చేసే కూడిక. ఆరేళ్లలో ఒక్కసారి కూడా మేము చెయ్యలేదు. ఊళ్లో మిగతా అందరూ చేసే ఉంటారు. మా మొహాల మీద చెప్పడం ఇష్టం లేక ఊరుకుని ఉంటారు.

బాల్‌రాజ్ మా కుప్పలోంచి, ఇవి నీ ఓట్లని ఒక గోలీ తీసి నోట్లో వేసుకున్నాడు. పుల్లగ ఉన్నదన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. అతనికీ ఆగలేదు. కడుపులు పట్టుకుని నవ్వుతుంటే అవ్వ కత్తి మళ్లీ బయటికి తీసి మాంసం కొయ్యడం మొదలుపెట్టింది.

తర్వాత మళ్లీ కనుమ ఎక్కాం. ఈసారి ఇద్దరం తోస్తూనే ఎక్కాం, కాబట్టి సిగ్గుపడవలసింది లేదు. నేను ఆగిన చోటల్లా అతను ఆగాడు. మధ్యలో జర్మనీ నుంచి వచ్చిన ఒక ముసలి జంట మమ్మల్ని దాటి తొక్కుకుంటూ పోయారు. చెయ్యి ఊపారు. మేమూ ఊపాం. సాయంత్రానికి పైకి చేరాం.

అవతల సరస్సు ఉంది. ఒక్క చెట్టు లేదు. చుట్టూ గడ్డి, దూరంగా మంచు, మధ్యలో నీలం నీళ్లు, నీళ్ల అంచున గుర్రాలు. నేనేదో గొప్ప మాట అందామనుకున్నాను. ఈలోగా బాల్‌రాజ్ కళ్లు తుడుచుకుంటూ, మన గండిపేట గూడ వానకాలంల గిట్లనే ఉంటది కదా బావా అన్నాడు. అవునన్నాను. ఉండదు.

రాతి మీద ఫోన్ నిలబెట్టి, భుజాల మీద చేతులు వేసుకుని ఫోటో తీసుకున్నాం. ఆ ఫోటోలో సరస్సు కనబడదు. మా పొట్టలు అడ్డం వచ్చాయి.

కిందికి దిగి నెట్‌వర్క్ దొరకగానే అరుణజ్యోతికి పంపాను. ఆమె సంతోషం పట్టలేక పొదుపు సంఘం గ్రూపులో పెట్టింది. మేము శంషాబాద్‌లో దిగేసరికి ఊరు రెండుగా చీలి ఉంది. మా పార్టీవాళ్లు ఇంటికొచ్చి, బాల్‌రాజ్‌కు ఏం మాటిచ్చావని నన్ను నిలదీశారు. వాళ్ల పార్టీవాళ్లు అతన్ని నిలదీశారు. అంత దూరం పోయింది సైకిల్ తొక్కడానికని ఎవరూ నమ్మలేదు. రహస్యంగా మాట్లాడుకోవడానికి ఎవరన్నా కిర్గిజిస్తాన్ పోతారా అని నేనడిగితే, అందుకే పోతారన్నారు. పోయినదారి, ఎక్కిన కొండ, రాళ్లవాన గురించి చెప్పాలని ఎంతో ఉత్సాహంగా వచ్చాను. ఒక్కడు అడగలేదు.

సంగమ్మ ఒక్కతే అడిగింది. పదవీకాలం అయిపోయినా ఊరంతా ఆమెను సర్పంచమ్మ అనే పిలుస్తుంది. ఇంటికొచ్చి కూర్చుని, గుర్రంపాలు ఎట్లుంటాయి, అక్కడి ఆడవాళ్లు ఏం పని చేస్తారు, చలికి గొర్రెలను ఏం చేస్తారని వివరంగా అడిగి తెలుసుకుంది. లేవబోతూ చిన్నగా అంది.

"ఈసారి ఇద్దరు కల్సి నిలబడ్తున్రా అన్నా? నాకేం ఫికర్ లేదు. ఉట్టిగ అడుగుతున్న."

లేదమ్మా అన్నాను. ఆ గోలీల కుప్పలు కళ్ల ముందు కదిలాయి.

చలికాలంలో ఎన్నికలు వచ్చాయి. మా ఊరు మహిళలకు రిజర్వయింది. ఆ వార్త విని మా పార్టీవాళ్లు అరుణజ్యోతిని నిలబడమన్నారు, వాళ్లవాళ్లు ప్రమీలమ్మను అడిగారు. సంగమ్మ ఉండంగ మేమెందుకని ఇద్దరూ ఒకే మాట అన్నారు. నాకు ప్రాణం తేలికపడింది. రిజర్వు కాకపోతే మా జైపాలన్నే క్యాండిడేట్ అయ్యేటోడని నా గురించి ఒక్కరన్నా అంటారేమోనని రెండు మూడు రోజులు ఇంట్లోనే కూర్చుని చూశాను. ఎవరూ అనలేదు.

నామినేషన్ల రోజు ఊళ్లో డప్పులు మోగుతుంటే బాల్‌రాజ్, నేను సైకిళ్లు తీసి చిల్కూరు వైపు పోయాం. మంచి ఎదురుగాలి ఉంది. ముందు పోయేవాడు గాలికి అడ్డం పడతాడు, వెనకవాడు సుఖంగా వస్తాడు. నువ్వు ముందుండు బావా అని నేను, వయసులో పెద్దోనివి నువ్వుండాలె అని అతను, మొయినాబాద్ దాటేదాకా ఆ పంచాయితీ తెగలేదు.